ఆరో రాయి

మత్రా
అక్టోబరు 9

అక్క రయ్యాకు ఖల్ఫాన్ సలాములు.

ఇక్కడ కబురేమీ లేదు, అంతా దేవుడి దయ. మీ వైపు కబురేమిటి?

మర్యాద అయిపోయింది కాబట్టి ఇక అసలు కబురు. నాకు గైడు బిల్ల ఇచ్చారు. మెడలో వేసుకునే బిల్ల, దాని మీద నా ఫొటో. ఫొటోలో మాత్రం చేపల లారీ తోలినప్పటి మొహమే ఉంది. ఆరు నెలలు చూస్తారట. ఏప్రిల్లో ఓడల సీజను ముగిసేలోపు నా పర్యటన బాగుందని కనీసం ఇరవైమంది అతిథులు కాగితం మీద రాసివ్వాలి. అప్పుడే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్ళీ లారీ, మళ్ళీ ఐసు గడ్డలు.

నాకిచ్చింది పూట పర్యటన. ఓడ దిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, ఒక పెద్ద బండి, నేను. ఎనిమిదింటికి రేవు గేటు దగ్గర ఎక్కించుకోవాలి, ఒంటిగంటకి అదే గేటు దగ్గర దించాలి. మధ్యలో బర్కా చేపల మార్కెట్టు, నఖల్ కోట, వేడినీటి ఊట. ఇవి ప్రతి గైడూ చూపిస్తాడు. మేనేజరు అడిగాడు: "వేరేవాడి దగ్గర లేనిది నీ దగ్గర ఏముందోయ్?"

"మా నాన్న ఉన్నాడు" అన్నాను.

నవ్వాడు. అప్పుడు చెప్పాను. మా ఖుదైరాలో ఫలజ్ కాలువ నీళ్ళు గడియారం చూసి పంచరని, నేలలో నిలువుగా పాతిన నిట్రాట నీడ చూసి పంచుతారని, ఆ నీడ దారిలో పంతొమ్మిది రాళ్ళుంటాయని, ఒక రాయి నుంచి ఇంకో రాయికి నీడ జరిగితే అరగంట అని. నీడ ఎక్కడుందో చెప్పే హక్కు ఊరు మొత్తంలో ఒక్క నీడకాపరిదేనని, ఆయన మా నాన్న నబ్హాన్ అని. తోటకి నీళ్ళు కట్టుకునేవాడు ఆ రాళ్ళున్న నీడగట్టు గోడ బయట వీపు తిప్పి నిలబడి "నీడ ఎక్కడుంది?" అని అడుగుతాడే గాని తొంగి చూడడని కూడా చెప్పాను. చూశాడంటే కాపరి మాట నమ్మనట్టే కదా. మేనేజరు నవ్వు ఆపి, "ఎన్ని నిమిషాలు పడుతుంది?" అన్నాడు.

కోట నుంచి మనూరికి పన్నెండు నిమిషాలు. నాన్న దగ్గర ఇరవై నిమిషాలు, కాఫీతో సహా. ఆయన్ని అడిగి రాయి. ఉత్తరం బఖీత్ టాక్సీలో పంపుతున్నాను. మీ లోయలోకి ఫోను తీగ వచ్చేదాకా మనకి బఖీతే ఫోను.

నీ తమ్ముడు
ఖల్ఫాన్


ఖుదైరా
అక్టోబరు 20

తమ్ముడు ఖల్ఫాన్‌కు,

ఇక్కడా కబురేమీ లేదు. మేకలు కులాసా, నీ బిల్ల సంగతి విని సంతోషించాయి.

నీ ఉత్తరం నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి అయ్యాక, "వాళ్ళొచ్చేది నన్ను చూడటానికా, నీడని చూడటానికా?" అన్నాడు. "నిన్నే నాన్నా" అన్నాను. "అయితే గడ్డం కత్తిరించాలి" అన్నాడు. మర్నాడు కత్తిరించాను. ఒప్పుకున్నట్టే.

షరతులు రాస్తున్నాను, మడిచి జేబులో పెట్టుకో. శుక్రవారం వద్దు. బండి మసీదు దగ్గరే ఆపాలి. అతిథులు గోడ లోపలికి రావచ్చని నాన్న అన్నాడు. మన కాలువలో వాళ్ళకి వాటా లేదు కాబట్టి వాళ్ళు చూసినా అనుమానించినట్టు కాదట. నాకు నచ్చలేదు, కానీ కాపరి ఆయన. రాళ్ళ మీద ఎవరూ కాలు పెట్టకూడదు, చెయ్యి పెట్టకూడదు.

ఆఖరి షరతు. నేను ఊళ్ళో ఉన్న రోజే తీసుకురావాలి. ఎందుకని అడగకు. కాఫీ పోసేవాళ్ళు ఉండాలి కదా అనుకో.

నాన్న జీతం నీళ్ళు, అదే ఐదో రాయికీ ఆరో రాయికీ మధ్య అరగంట, వెల్లుల్లి మడికి చాలడం లేదు. కాలువ చివరి తోట సువైద్‌ని చూడు, వాడికి దొరికేది పంతొమ్మిదో రాయి మీద నీడ పడ్డాక, పొద్దు కొండ చాటుకి పోయేలోపు రోజూ ఒక అరగంట. అది నమ్ముకుని నలభై నిమ్మమొక్కలు నాటాడు. "రోజూ తడపాలి పెదనాన్నా, నీ నీడకి ముసలితనమొచ్చింది, కాస్త తొందరగా నడిపించు" అంటాడు. "నువ్వు కాస్త ఆలస్యంగా పుట్టాల్సింది, అప్పటికి వచ్చేసేది" అని నాన్న. సాయంత్రం అయితే ఇద్దరికీ ఇదే కాలక్షేపం.

రయ్యా


మత్రా
డిసెంబరు 6

అక్కా,

సలాములు. ఇప్పటికి ఏడుసార్లు వచ్చాను. ఏడు కాగితాల్లో ఆరింటి మీద నాన్న ప్రస్తావనే. ఒకాయన కోట గురించి ఒక్క ముక్క రాయలేదు, నీడ చెప్పే ముసలాయన గురించి పేజీ నింపాడు. మేనేజరు ఆ కాగితాన్ని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. మిగతా గైడ్లు గేటు దగ్గర నన్ను ఏడిపిస్తున్నారు. "ఇవాళ మీ నాన్న పొద్దుని ఎక్కడ నిలబెట్టాడ్రా?" అని రోజూ పలకరింపు.

నీతో ఒక మాట. వచ్చినప్పుడల్లా నువ్వు నాన్న పక్కనే చాప మీద కూర్చుని బుట్ట అల్లుతూ ఉంటావు. ప్రతి ఫొటోలో నీ వీపు పడుతోంది. మొన్న ఒకామె అడిగింది: "ఆవిడ మధ్యమధ్యలో ఆయన చేతిలో ఏదో పెడుతోంది, ఏమిటది?" ఖర్జూరపు గింజ అన్నాను. ఎందుకని అడిగింది. నాకు తెలిస్తే గదా. ముసలాయనకి అదొక అలవాటని చెప్పి బండెక్కించాను. అదేమిటో నాకైనా చెప్పు.

ఇంకొకటి. పోయినసారి నేను బండి దిగి వస్తుంటే నాన్న, "బఖీత్, ఉత్తరం తెచ్చావా?" అన్నాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాక, "నువ్వా. చేపల వాసన పోయేసరికి పోల్చుకోలేదు" అన్నాడు. అతిథులకి ఆ మాట చెబితే బాగా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మత్రా వచ్చేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఒంట్లో బాగానే ఉందా ఆయనకి?

ఖల్ఫాన్


ఖుదైరా
జనవరి 5

తమ్ముడూ,

నాన్నకి డెబ్భై ఒకటి. ఆ వయసువాళ్ళకి ఎలా ఉంటుందో అలాగే ఉంది. గింజల గురించి నీ అతిథులకి ఏ కథ నచ్చితే ఆ కథ చెప్పుకో.

గాలియాకి నెలలు నిండాయి. అల్లుడు కబురు పంపాడు, వచ్చే వారమే రుస్తాఖ్ ఆసుపత్రిలో చేరుస్తారట. దాని మొదటి కాన్పు, తల్లిని నేను లేకపోతే ఎలా? ఆదివారం వెళ్ళి శనివారం వస్తాను.

ఆ వారం నువ్వు రావద్దు. ఒక్క రోజు కూడా. ఓడ కాదు, ఓడలన్నిటి యజమాని దిగినా సరే. నాన్నకి తిండి పక్కింట్లో చెప్పాను. ఆయనతో ఈ మాటంటే, "రానీవే, అతిథులకి నేను భయపడతానా" అన్నాడు. ఆయన మాట పట్టుకోకు, నా మాట పట్టుకో. ఎందుకో కాగితం మీద రాయను. బఖీత్ మంచివాడే, కానీ వాడి టాక్సీలో నలుగురు కూర్చుంటారు, ఉత్తరం వాడి టోపీలో ఉంటుంది.

రయ్యా


మత్రా
జనవరి 12

అక్కా,

నువ్వు రుస్తాఖ్ నుంచి వచ్చాక ఈ ఉత్తరం చూస్తావు. మనవడో మనవరాలో, దేవుడు చల్లగా చూడాలి.

నిన్న సోమవారం మనూరు వచ్చాను. తిట్టేముందు చివరిదాకా చదువు. ఓడలో ఒక భార్యాభర్త దిగారు, నాన్న గురించి ఇంతకుముందు వచ్చినవాళ్ళ నుంచి విని, నీడకాపరినే చూడాలని ముందే రాసి పంపారు. ఈ వారం కుదరదంటే మేనేజరు, "సరే, దారి చెప్పు, ఇంకో గైడుని పంపుతాను" అన్నాడు. మన గడపకి నేను లేకుండా ఇంకొకడు పరాయివాళ్ళని తీసుకురావడం నీకు ఇష్టమా? అందుకని నేనే వచ్చాను.

ఎనిమిదీ పదికి రేవు దాటాం. మార్కెట్టులో పావుగంట. కోట నలభై నిమిషాలు, ఆయన మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. పదీ యాభైకి మనూళ్ళో ఉన్నాం. నాన్న ఒక్కడే నిట్రాట కింద కూర్చున్నాడు, చేతిలో కర్ర. బాగా మాట్లాడాడు. కాపరి అయ్యేటప్పుడు ఊరి పెద్దల ముందు చేసిన ప్రమాణం గురించి అడిగితే, "నా కళ్ళతో చూసిందే చెబుతాను, ఇంకేదీ చెప్పను" అని పైకి చెప్పి వినిపించాడు. ఆవిడ రాసుకుంది. నువ్వు లేకపోయినా కాఫీ వేడిగానే ఉంది.

పదకొండూ ఇరవైకి బయల్దేరాం. ఊట దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఒంటిగంటకి రెండు నిమిషాలుండగా గేటు దగ్గర దించాను. కాగితం మీద మంచిమాటలే రాశారు. అంతా సవ్యంగా జరిగింది.

చిన్నప్పుడు నేను నీడగట్టు మీద ఒక రాయిని బెత్తెడు జరిపితే నాన్న మసీదు మెట్ల మీద నుంచి చూసి కేకేశాడు, గుర్తుందా? అంత దూరం నుంచి. ఆయన కంటికి ఏదీ తప్పదు కదా. ఊరికే గుర్తొచ్చింది.

ఖల్ఫాన్


ఖుదైరా
జనవరి 19

ఖల్ఫాన్‌కు,

మనవరాలు. తల్లీ పిల్లా క్షేమం. ఈ ఉత్తరంలో మంచి కబురు అదొక్కటే.

శనివారం మధ్యాహ్నం టాక్సీ దిగాను. మసీదు దగ్గర పదిమంది కూర్చుని ఉన్నారు, నన్ను చూసి మాట్లాడటం ఆపేశారు. ఇంట్లో నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొయ్యి మీద కాఫీ గిన్నె కూడా లేదు.

జరిగింది ఇది. నువ్వొచ్చి వెళ్ళిన సాయంత్రం సువైద్ ఎప్పటిలా గోడ బయట నిలబడి నీడ ఎక్కడుందని అడిగాడు. "ఇంకా పద్దెనిమిదిలోనే ఉంది" అన్నాడు నాన్న. కాసేపాగి మళ్ళీ అడిగాడు. పద్దెనిమిదే. పొద్దు కొండ చాటుకి పోయింది, వాడికి నీళ్ళు అందలేదు. మంగళవారమూ అంతే. "పెదనాన్నా, పొద్దు తొందరపడుతోందా, నువ్వు నిదానిస్తున్నావా?" అన్నాడట. బుధవారమూ అంతే. గురువారం వాడు అడగలేదు. వెనక్కి తిరిగి, గోడ మీద నుంచి తొంగి చూశాడు.

మనూళ్ళో ఎవడైనా అలా తొంగి చూడటం నా ఎరుకలో లేదు. చూసి, వేలితో చూపిస్తూ రాళ్ళు లెక్కపెట్టాడు. పద్దెనిమిదున్నాయి. ఆరో రాయి లేదు.

ఆరో రాయి లేకపోతే ఏడోది ఆరోది అవుతుంది. ఐదో రాయి నుంచి ఆరో రాయి దాకా నీళ్ళు ఎవరివి? కాపరివి. సోమవారం మన వంతు మామూలుగానే అయింది, మిగతా మూడు రోజులు మన వెల్లుల్లి మడికి అరగంటకి బదులు గంట పారింది, మడి చూస్తేనే తెలుస్తోంది. తర్వాతి వాళ్ళందరివీ అరగంట వెనక్కి జరిగాయి. చివర ఉన్నవాడికి ఏమీ మిగల్లేదు. సువైద్ మొక్కల్లో సగానికి పైగా తలలు వాల్చాయి. కాపరే రాయి తీసి తన మడి తడుపుకున్నాడని వాడు నోటితో అనలేదు. అనక్కర్లేకుండా లెక్క చెప్పాడు.

గురువారం నుంచి నాన్న గట్టు మీదకి వెళ్ళలేదు, అందరూ అంచనా మీదే నీళ్ళు కట్టుకుంటున్నారు. వచ్చే శుక్రవారం, అంటే ఇరవై తొమ్మిదిన, నమాజు తర్వాత పెద్దలు కూర్చుంటారు. అక్కడ ఆయన్ని నీళ్ళ దొంగ అంటే ఆయన బతకడు. నేను అతిశయంగా రాసే మనిషిని కాదని నీకు తెలుసు.

నువ్వొచ్చిన రోజు ఏం జరిగింది? ఉన్నదున్నట్టు రాయి.

రయ్యా


మత్రా
జనవరి 25

అక్కా,

రాయి నా దగ్గరుంది.

ఆ రోజు వచ్చిన ఆవిడకి వెళ్ళిన ప్రతిచోటా ఒక రాయి తీసుకోవడం అలవాటు. సంచిలో చాలా ఉన్నాయి. గేటు దగ్గర దిగేముందు వాటిని ఒళ్ళో పోసుకుని ఏరింది. ఒకటి తీసి, "ఇది మామూలు రాయే" అని సీటు మీద వదిలేసి వెళ్ళింది. బండి తుడిచేటప్పుడు చూశాను. ఆకుపచ్చ చారలు, ఒక పక్క నాన్న చెయ్యి తగిలి తగిలి నున్నగా ఉంది. చూడగానే పోల్చాను.

అప్పుడే బండి తిప్పాల్సింది. రెండింటికి బండి అప్పగించాలి, మర్నాడు ఇంకో ఓడ. వచ్చే వారం తెచ్చి చప్పుడు చెయ్యకుండా పెట్టేద్దామనుకున్నాను. ఈలోపు నాన్న చూస్తాడు, వాగులోంచి ఇంకో రాయి తెచ్చి ఆ చోట పెడతాడు అనుకున్నాను. ఆయన కళ్ళ ముందున్న రాయి అక్కా. నాలుగు రోజులు ఎందుకు చూడలేదు? ఒంట్లో బాగాలేదా? నువ్వు నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?

అదంతా తర్వాత. శుక్రవారం నేనొస్తున్నాను. పెద్దల ముందు రాయి పెట్టి ఎలా పోయిందో చెబుతాను. నాన్న మీద దొంగతనం మాట మాఫీ అవుతుంది. నా ఉద్యోగం ఏమైనా కానీ. నాన్నతో చెప్పు, తలెత్తుకుని రమ్మను.

ఖల్ఫాన్


ఖుదైరా
జనవరి 27

ఖల్ఫాన్,

రావద్దు. రాయిని గుడ్డలో చుట్టి బఖీత్‌కిచ్చి పంపు. నేను వాళ్ళకి ఇంకేదైనా చెబుతాను, మేక తన్నిందంటాను, వానకి కొట్టుకుపోయిందంటాను. నువ్వు నోరు విప్పకు. ఎవరు చదివినా సరే, ఇప్పుడు రాయక తప్పదు.

నాన్నకి కళ్ళు కనపడవు. రెండేళ్ళయింది. రుస్తాఖ్ డాక్టరు చూశాడు, కంటి వెనక నరం ఎండిపోయిందట, కోసినా లాభం లేదట. ఎండలో నీడ మాత్రం పొగలో నల్లగీతలా కనిపిస్తుంది, రాళ్ళు కనిపించవు. అందుకని నేను బుట్టలు అల్లుతూ పక్కన కూర్చుంటున్నాను. నీడ ఒక రాయి మీదకి రాగానే ఆయన చేతిలో ఒక గింజ పెడతాను. ఎవరైనా అడిగితే గింజలు తడిమి, ఎన్నో రాయో చెబుతాడు. నేను లేని వారం కర్రతో రాళ్ళు తడిమి లెక్కపెట్టుకున్నాడు. రాయి లేని చోట కర్రకి ఏం తగులుతుంది?

నువ్వు రాయి పెట్టి మాట చెబితే దొంగ అన్న మాట పోతుంది. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. నువ్వు అడిగిన ప్రశ్నే. నాలుగు రోజులు ఎందుకు చూడలేదని. "నా కళ్ళతో చూసిందే చెబుతాను" అన్న మనిషి రెండేళ్ళు ఒక ఆడదాని కళ్ళతో చెప్పాడని తెలిస్తే ఆ రెండేళ్ళ నీళ్ళన్నీ తిరగదోడతారు. దొంగ కాకపోతే ప్రమాణం తప్పినవాడు. రెండిట్లో ఆయనకి ఏది మేలో నాకు తెలియడం లేదు.

కొండ మీద మబ్బు పట్టింది. బఖీత్ తొందర పెడుతున్నాడు.

రయ్యా


మత్రా
జనవరి 31

అక్కా,

నీ ఉత్తరం నిన్న, శనివారం అందింది. బుధవారం రాత్రి వాగు పొంగి, బఖీత్ రెండు రోజులు అవతలి ఒడ్డున బండిలోనే ఉన్నాడట. ఉత్తరం తడవలేదు. టోపీలో ఉంది.

శుక్రవారం నేను నమాజు వేళకి నేరుగా మసీదుకే వచ్చాను. మన మిద్దె కిటికీలోంచి నువ్వు చెయ్యి ఊపడం చూశాను. పలకరిస్తున్నావనుకున్నాను. నేనూ ఊపాను.

పెద్దల గదిలోకి నిన్ను రానివ్వరు కాబట్టి లోపల ఏం జరిగిందో నేనే చెప్పాలి. ముఖాముఖీ చెప్పలేక నాన్నని గడప దాకా తెచ్చి బండెక్కి పారిపోయాను. అందుకని రాస్తున్నాను.

పద్నాలుగు మంది ఉన్నారు. మసూద్ పెద్దాయన ముందు కాఫీ తిప్పించాడు. కాఫీ అయ్యేదాకా అందరూ కబురేమీ లేదు, కబురేమీ లేదు అనుకున్నారు. తర్వాత సువైద్‌ని మాట్లాడమన్నాడు.

"నేను దొంగతనం అనలేదు. రాయి లేదన్నాను. మిగతాది మీరే కలుపుకోండి" అన్నాడు సువైద్.

నేను రాయి తీసి చాప మీద పెట్టాను. జరిగింది చెప్పాను. సీటు మీద దొరికింది అన్నదాకా చెప్పి ఆగాను. మసూద్ నా మొహం చూస్తున్నాడు. "ఆవిడ తీస్తుంటే చూశావా?" అన్నాడు.

నీకు రాసిన ఉత్తరంలో నేను ఈ ముక్క రాయలేదు. "చూశాను" అన్నాను. ఆవిడ వంగింది, తీసింది, టోపీలో వేసుకుంది. మూడడుగుల దూరంలో ఉన్నాను.

"మరి అడగలేదేం?"

"కాగితం మీద బాగా రాస్తుందని."

సువైద్ అరవలేదు. "నలభై మొక్కల్లో ముప్ఫై ఒకటి పోయాయి. ఒక కాగితానికి" అన్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు. "పెదనాన్నా, నువ్వు తీయలేదు. ఒప్పుకున్నాను, తప్పు నాది. కానీ ఒకటి చెప్పు. రోజంతా ఆ గట్టు మీద కూర్చునే మనిషివి. నాలుగు రోజులు రాయి లేకపోతే ఎలా చూడలేదు?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన దగ్గర ఏదో జవాబు ఉంటుందనే నా ధైర్యం. ఆయన మొహం సువైద్‌కి రెండడుగులు ఎడమగా ఉన్న గోడవైపు ఉంది. అప్పుడు నాకు తెలిసింది అక్కా. నువ్వు రాయకముందే తెలిసింది.

"చూడలేదు" అన్నాడు నాన్న. "రెండేళ్ళుగా చూడటం లేదు."

సువైద్, "మరి రెండేళ్ళు మాకు నీడ చెప్పిందెవరు?" అన్నాడు.

నాన్న జేబులోంచి ఖర్జూరపు గింజలు తీసి రాయి పక్కన ఒక్కొక్కటే పెట్టాడు. పంతొమ్మిది. "ఇవి నా చేతిలో పడేవి. పడ్డప్పుడు చెప్పాను. పడకుండా ఏనాడూ చెప్పలేదు. మీరు నన్ను మార్చాలి. అది అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు" అన్నాడు.

ఎవరి చేతిలోంచి పడేవని ఎవరూ అడగలేదు. నువ్వు అక్కడ బుట్ట అల్లడం రెండేళ్ళుగా ఊరంతా చూసింది.

మసూద్ అడిగాడు: "ఈ నాలుగు రోజులు కాకుండా, రెండేళ్ళలో ఎవరికైనా నీళ్ళు తగ్గాయా?"

తలలు అడ్డంగా ఊగాయి.

"పెరిగాయా?"

"పెరిగితే చెప్పుకుంటామా మసూద్?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. మసూద్ చాలన్నట్టు కప్పు ఊపి పక్కన పెట్టి లేచాడు. తీర్పు చెప్పలేదు. రాయి ఎవరూ ముట్టుకోలేదు. నేనే తీసి నాన్న చేతిలో పెట్టాను.

దారిలో ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు: "నీ ఉద్యోగం ఉంటుందా?" తెలియదన్నాను. మేనేజరుకి ఇవాళ చెప్పాను, ఖుదైరా ఇక మన దారిలో లేదని. "అయితే నీ దగ్గర ఏముంది?" అన్నాడు. కోట ఉంది, ఊట ఉంది అన్నాను.

రాకు అంటే వచ్చాను, రావద్దని రాసిన ఉత్తరం అందక మళ్ళీ వచ్చాను. నువ్వు కారణం రాసి ఉంటే వచ్చేవాణ్ణి కాదు. నేను చూసింది చెప్పి ఉంటే నువ్వు జాగ్రత్తపడేదానివి. తప్పు పంచుకుందామని రాయడం లేదు, ఎక్కువ వాటా నాదే. బర్కా నుంచి ముప్ఫై ఒక్క నిమ్మమొక్కలు బఖీత్ బండి మీద కట్టించి పంపుతున్నాను. సువైద్ తీసుకుంటాడో లేదో. ఇక కాలువ సంగతి ఏమైంది? నీడ ఎవరు చెబుతున్నారు? త్వరగా రాయి, నాకు పని మీద మనసు లేదు.

ఖల్ఫాన్


ఖుదైరా
ఫిబ్రవరి 22

తమ్ముడూ,

కబురుంది. ముందే చెప్పేస్తున్నాను, కాఫీ దాకా ఆగలేను.

ఆ శుక్రవారం తర్వాత మొదటి వారం కాలువ చేతి గడియారాల మీద నడిచింది. సువైద్‌కి ఒకటుంది, మసూద్ కొడుక్కి ఒకటుంది. రెండింటికీ ఏడు నిమిషాల తేడా. ఆ ఏడు నిమిషాల మీద రోజూ పోట్లాట. మూడో రోజు సువైద్ గడియారంలోకి కాలువ నీళ్ళు వెళ్ళి అది ఆగిపోయింది. మసూద్ కొడుకు నవ్వాడు. ఇద్దరూ పారలు ఎత్తేదాకా వచ్చింది. శుక్రవారం పెద్దలు మళ్ళీ కూర్చున్నారు, కాఫీ తాగారు, లేచారు.

శనివారం పొద్దున్నే నేను ఆరో రాయి పట్టుకుని గట్టు మీదకి వెళ్ళాను. ఎవరూ పంపలేదు. నీడ ఐదో రాయి మీదకి వచ్చేదాకా కూర్చున్నాను, అక్కడి నుంచి జరిగే ఒక్కొక్క వేలెడూ నాకు తెలుసు. సరిగ్గా ఆ చోట రాయి పెట్టాను. చాప పరిచాను, బుట్ట మొదలుపెట్టాను. నాన్నని పిలిచాను. రానన్నాడు. "నేనొస్తే నా పేరు మీద జరుగుతుంది. నన్నిక్కడే కూర్చోనీ" అని గడప మెట్టు మీద కూర్చున్నాడు.

ఆ రోజు ఎవరూ రాలేదు. దూరం నుంచి చూసి, గోడ దాకా రాకుండా తోటల్లోకి పోయారు. మర్నాడూ అంతే. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడగందే చెప్పకూడదు కదా.

నువ్వు పంపిన మొక్కలు సువైద్ బఖీత్ దగ్గర దించుకున్నాడు. లెక్కపెట్టి, "ముప్ఫై రెండున్నాయి, గైడుకి లెక్క రాదు" అన్నాడట. బఖీత్ ఈ మాట మూడు ఊళ్ళలో చెప్పాడు.

నీ అతిథుల్ని తీసుకురా. ఈసారి షరతులు తక్కువ. గోడ లోపలికి ఎవరూ రాకూడదు. బయటే వీపు తిప్పి నిలబడి అందరిలాగే అడగాలి. కావాలంటే నాన్న గడప దగ్గర కాఫీ తాగి ఆయన ఫొటో తీసుకోవచ్చు, గడ్డం కత్తిరించాను. బండెక్కేముందు టోపీలు దులిపించు.

ఇంతకీ కబురు. సోమవారం సాయంత్రం సువైద్ పార భుజాన వేసుకుని వచ్చాడు. మన గడప ముందు నుంచే వచ్చాడు. అక్కడ మెట్టు మీద నాన్న కూర్చుని ఉంటే సలాం చెప్పి, చెయ్యి ముద్దు పెట్టుకుని, ముందుకొచ్చాడు. గోడ దగ్గర ఆగాడు. వీపు తిప్పాడు. పార దించి గోడకి ఆనించాడు. నేను బుట్ట అల్లుతూనే ఉన్నాను.

"పెదనాన్నా, నీడ ఎక్కడుంది?" అన్నాడు.

గట్టు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. వాడికి తెలుసు.

"పంతొమ్మిదో రాయి మీదకి వచ్చింది" అన్నాను.

పార తీసుకుని కాలువ మదుము తెరవడానికి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రయ్యా